అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లోకి అమెరికా మిడిల్ స్కూళ్ళు పిల్లల్ని ఎలా తీసుకుంటాయి?

మీ పాపకి ఐదో తరగతిలో అన్నీ 'ఎ'లే వచ్చినా ఆరో తరగతి అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో పేరు రాలేదని, కారణం ఎవరూ సరిగ్గా చెప్పలేదని రాశారు. రిపోర్ట్ కార్డుకి ఇక్కడ మనం అనుకునేంత బలం ఉండదండి. గ్రేడ్లు ఒక్కో టీచరు ఒక్కోలా వేస్తారు. అందుకే చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థలు) పిల్లలందరూ రాసే పరీక్షల స్కోర్లనే ముందు చూస్తాయి. టీచర్ రికమండేషన్ సాధారణంగా కటాఫ్‌కి, అంటే చేర్చుకోవడానికి కావలసిన కనీస స్కోరుకి, కాస్త దగ్గర్లో ఆగినవాళ్ళ విషయంలో పనికొస్తుంది.

ఆ పరీక్షలు మూడు రకాలు. మొదటిది రాష్ట్ర పరీక్ష: టెక్సాస్‌లో స్టార్, వర్జీనియాలో ఎస్ఓఎల్. రెండోది మ్యాప్ గ్రోత్ అనే కంప్యూటర్ పరీక్ష, ఎక్కువ చోట్ల ఏడాదికి మూడుసార్లు పెడతారు. మూడోది ఆలోచనాశక్తినో, ఆల్జీబ్రాకి సిద్ధంగా ఉన్నారా అన్నదో కొలిచేవి: కాగ్‌ఏటీ అనే ఆలోచనాశక్తి పరీక్షలోని క్వాంటిటేటివ్ (సంఖ్యల) భాగం, అయోవా ఆల్జీబ్రా టెస్ట్ లాంటివి.

మన పిల్లలు ఎక్కువగా ఆగేది ఈ మూడో రకం దగ్గరే. వర్క్‌షీట్ల మీద వర్క్‌షీట్లు చేయించడంతో గుణకారాలు, భాగహారాలు చకచకా చేస్తారు. పరీక్ష అడిగేది అది కాదు. 4, 7, 10, 13 అనే వరుసలో తర్వాతి సంఖ్య అందరూ చెబుతారు. 50వ సంఖ్య ఎంత అంటే మూడేసి కలుపుకుంటూ పోయేవాళ్ళకి టైమ్ చాలదు. స్థానాన్ని మూడుతో గుణించి ఒకటి కలపాలని పట్టుకున్న పిల్ల వెంటనే 151 అంటుంది. అలాగే 'ఒక సంఖ్యలో మూడింట రెండు వంతులు 18 అయితే ఆ సంఖ్యలో సగమెంత?' అని అడిగి చూడండి. బొమ్మ గీసి 27కి, అక్కడి నుంచి 13.5కి వస్తే భిన్నాలు నిజంగా అర్థమైనట్టు. 18ని రెండు బై మూడుతో గుణించేసి 12 దగ్గరే తిరుగుతుంటే పని అక్కడ మొదలుపెట్టాలి. రోజూ ఇలాంటివి నాలుగైదు, నోటితో వివరిస్తూ చేయించడం యాభై లెక్కల షీటు కన్నా మేలు.

మ్యాప్ స్కోరు చూసేటప్పుడు రిట్ (ఆ పరీక్ష ఇచ్చే స్కోరు) సంఖ్యతో పాటు పర్సెంటైల్ (అదే తరగతి పిల్లల్లో నూటికి ఎంతమంది కన్నా ముందుందో), ఏ సీజన్‌లో రాసిందో కూడా చూడాలి. అదే రిట్‌కి ఫాల్‌లో వచ్చే పర్సెంటైల్ స్ప్రింగ్‌లో రాదు, ఈలోగా మిగతా పిల్లలూ ఎదుగుతారు కదా. పైగా అది జవాబుల్ని బట్టి కష్టం పెంచుకుంటూ పోయే పరీక్ష. బాగా చదివే పిల్లలకి కూడా చాలా ప్రశ్నలు తప్పుతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే మధ్యలో బెంబేలెత్తి గబగబా ఏదో ఒకటి నొక్కేస్తారు.

మీరు ఏ రాష్ట్రమో రాయలేదు, కానీ అది చాలా ముఖ్యం. టెక్సాస్‌లో 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఐదో తరగతి స్టార్ మ్యాథ్‌లోగానీ, డిస్ట్రిక్టు సొంత కొలమానంలోగానీ పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరో తరగతి అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో స్కూలే చేర్చాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులు చెప్పాలి. కోర్సుల ఎంపిక స్టార్ ఫలితాలకన్నా ముందే అయిపోతుంది కాబట్టి, స్కోరు వచ్చాక షెడ్యూల్ మళ్ళీ చూసుకోండి. నార్త్ కరొలైనాలో రాష్ట్ర పరీక్షలో అత్యున్నత స్థాయి వచ్చినవాళ్ళకి అడ్వాన్స్‌డ్ మ్యాథ్ ఇవ్వాలని 2018 నుంచి చట్టమే ఉంది. మిగతా చాలా చోట్ల నిర్ణయం డిస్ట్రిక్టుదే.

ఇప్పుడు చేయాల్సింది: స్కూల్లో కోర్సుల ఎంపిక చూసే కౌన్సిలర్‌కి ఫోన్ కాదు, ఈమెయిల్ పెట్టండి. ఏ ఏ స్కోర్లు చూశారు, కటాఫ్ ఎంత, పాపకి ఎంత వచ్చింది, అపీల్‌కి చివరి తేదీ ఎప్పుడు, మళ్ళీ పరీక్ష పెడతారా అని అడగండి. 'మా పాప చాలా తెలివైనది' అని రాస్తే కదలని ఫైలు, 'రెండు స్కోర్లు కటాఫ్ దాటాయి, మూడోది మూడు పర్సెంటైళ్ళు తగ్గింది' అని రాస్తే కదిలే అవకాశం ఉంది.

ఒకవేళ ఈసారి రాకపోతే, హైస్కూల్ చివర్లో క్యాల్క్యులస్ తీసుకునే దారి మూసుకుపోదు. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా 1 చేస్తే వరుసగా జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీక్యాల్క్యులస్ అయ్యి పన్నెండులో క్యాల్క్యులస్ వస్తుంది. ఏడో తరగతి మొదట్లో మళ్ళీ చేర్చుకుంటారా అని ఇప్పుడే అడిగి ఉంచండి. వేసవిలో ఒక తరగతి మ్యాథ్ దాటించేస్తామని ఎవరైనా అంటే మాత్రం తొందరపడొద్దు. దాటేసిన ఏడాదిలోనే నిష్పత్తులు, శాతాలు, రుణ సంఖ్యల కూడికలు, తీసివేతలు ఉంటాయి. అవి గట్టిగా లేని పిల్లలు ఆల్జీబ్రాలో మైనస్ గుర్తుల దగ్గరే తప్పుతూ ఉంటారు. చాలా చోట్ల మిడిల్ స్కూల్లో చేసిన ఆల్జీబ్రా 1కి హైస్కూల్ క్రెడిట్ ఇస్తారు. ఆ గ్రేడు ట్రాన్స్‌క్రిప్ట్ (హైస్కూల్ గ్రేడ్ల రికార్డు) మీదికి ఎక్కుతుందా, కావాలంటే తీయించుకోవచ్చా అన్నది కూడా అదే ఈమెయిల్‌లో అడగండి.