బ్లేడ్ ఛాసిస్‌లో నెట్‌వర్క్ స్విచ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బ్లేడ్ సర్వర్ల ఛాసిస్‌లో, అంటే సన్నని సర్వర్లను (బ్లేడ్‌లను) పక్కపక్కన పెట్టే ఒకే పెట్టెలో, అమర్చే స్విచ్‌ల గురించినవే. 2006లో వచ్చిన హెచ్‌పీ సి7000 వంటి ఛాసిస్‌లు వాడిన పరికరాల మార్కెట్ నుంచి కళాశాలలకు, చిన్న సంస్థలకు చేరుతున్నాయి. సామాన్యమైన ర్యాక్ స్విచ్‌తో పనిచేసిన అనుభవం ఇక్కడ చాలావరకు ఉపయోగపడుతుంది. ఎక్కడ ఉపయోగపడదో ఆ చోట్ల మాత్రం కాస్త నిలిచి, వివరంగా చెప్పవలసి ఉన్నది.

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్ కోసం వాడిన హెచ్‌పీ సి7000 ఛాసిస్ కొన్నాము. వెనుక వైపు ఒకటి, రెండు నంబర్ల బేలలో (స్విచ్‌లు పెట్టే అరలలో) సిస్కో కేటలిస్ట్ 3020 బ్లేడ్ స్విచ్‌లు ఉన్నాయి. విడిగా దొరికిన అదే రకం స్విచ్‌ను మూడో బేలో పెట్టాము. దానికి విద్యుత్తు అందుతున్నది, కన్సోల్‌లోకి (కేబుల్ ద్వారా నేరుగా ఆదేశాలిచ్చే చోటికి) కూడా వెళ్లగలుగుతున్నాము. కానీ సర్వర్ల వైపు ఉన్న 16 పోర్టులలో ఒక్కటీ పనిచేయడం లేదు. స్విచ్ పాడైనట్టేనా? (ఒక అధ్యాపకుడు, కాకినాడ)

జవాబు: మీ స్విచ్ బాగానే ఉండి ఉంటుంది. ర్యాక్ స్విచ్‌లో ఏ కేబుల్‌ను ఏ పోర్టులో పెట్టాలో మనం నిర్ణయిస్తాము, ఛాసిస్‌లో ఆ నిర్ణయం తయారీ నాడే జరిగిపోయింది. బ్లేడ్‌కూ స్విచ్‌కూ మధ్య ఉండే తీగలన్నీ మిడ్‌ప్లేన్ అనే ఒక పలకలో అచ్చై ఉంటాయి, వాటిని మార్చడం సాధ్యం కాదు. సి7000లో సగం ఎత్తు బ్లేడ్‌కు మదర్‌బోర్డు మీదనే ఉండే మొదటి నెట్‌వర్క్ పోర్టు ఒకటో బేకూ, రెండో పోర్టు రెండో బేకూ వెళతాయి. మూడు, నాలుగు బేలకు దారి బ్లేడ్ లోపల మొదటి మెజనైన్ స్లాటులో పెట్టే అదనపు కార్డు నుంచి మాత్రమే ఉంటుంది. అయిదు నుంచి ఎనిమిది వరకు ఉన్న బేలు రెండో మెజనైన్ స్లాటుకు చెందుతాయి. మీ బ్లేడ్‌లలో ఆ కార్డులు లేకపోతే మూడో బేలోని స్విచ్‌కు అవతలి కొస అంటూ ఏదీ ఉండదు. ఒక బ్లేడ్‌ను బయటికి లాగి, మూత తీసి చూడండి. మొదటి మెజనైన్ స్లాటు ఖాళీగా కనిపిస్తే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికినట్టు. కార్డు కొనేటప్పుడు అది ఈథర్నెట్ కార్డేనని రూఢి చేసుకోండి. ఫైబర్ ఛానెల్ (నిల్వ పరికరాలను కలిపే వేరే రకం నెట్‌వర్క్) కార్డుకు ఎదురుగా ఈథర్నెట్ స్విచ్ ఉంటే ఆ పొంతన కుదరదని ఛాసిస్ నిర్వహణ మాడ్యూల్ అయిన ఆన్‌బోర్డ్ అడ్మినిస్ట్రేటర్ గుర్తించి హెచ్చరిస్తుంది.

పోర్టుల నంబర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఛాసిస్ ముందు వైపు పై వరుసలో 1 నుంచి 8 వరకు, కింది వరుసలో 9 నుంచి 16 వరకు బ్లేడ్ స్థానాలు ఉంటాయి, స్విచ్ లోపలి పోర్టు నంబరు ఆ స్థానం నంబరే. అయిదో స్థానంలోని బ్లేడ్ స్విచ్‌లో గిగాబిట్ 0/5గా కనిపిస్తుంది. మదర్‌బోర్డు మీద నాలుగు పోర్టులున్న పూర్తి ఎత్తు బ్లేడ్ రెండు వరుసలనూ ఆక్రమిస్తుంది కనుక, మూడో స్థానంలో పెడితే 3, 11 నంబర్ల పోర్టులు రెండూ దానివే అవుతాయి. ఈ పట్టికను కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించమని నేను ప్రతి ల్యాబ్‌కూ చెబుతాను. కేబుల్ కంటికి కనిపించని చోట ఆ కాగితమే ఆధారం.

స్విచ్‌ను అమర్చే పని కష్టమైనది కాదు. ఛాసిస్ నడుస్తుండగానే దాన్ని పెట్టవచ్చు, తీయవచ్చు, విద్యుత్తు కూడా ఛాసిస్ నుంచే అందుతుంది. చేతికి యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకోవడం, పెట్టే ముందు స్విచ్ వెనుక కనెక్టర్‌లో పిన్నులు వంగి ఉన్నాయేమో టార్చిలైటు వేసి చూడడం, లీవర్ మూసుకోకపోతే బలవంతపెట్టకుండా బయటికి తీసి మళ్లీ సరిచూడడం, ఈ మూడూ పాటిస్తే చాలు. వంగిన పిన్నుతో స్విచ్‌ను గట్టిగా నెడితే దెబ్బ తినేది మిడ్‌ప్లేన్, దాన్ని మార్చాలంటే ఛాసిస్ మొత్తం ఖాళీ చేయాలి. స్విచ్ లేని బేలకు ఖాళీ మూతలు తప్పక బిగించండి. అవి లేకపోతే ఫ్యాన్ల గాలి ఆ కంతల గుండా పోయి, బ్లేడ్‌ల మీదుగా సాగవలసిన ప్రవాహం తగ్గిపోతుంది.

ప్రశ్న: మా సంస్థలో ఇలాంటి ఛాసిస్‌లోనే రెండు బ్లేడ్ స్విచ్‌లు ఉన్నాయి. ప్రతి సర్వర్‌కూ రెండు నెట్‌వర్క్ పోర్టులు జతచేసి, ఒకటి పోతే రెండోది పనిచేసేటట్టు పెట్టాము. మొన్న మొదటి స్విచ్ నుంచి పైకి వెళ్లే కేబుల్ తెగిపోయింది. రెండో స్విచ్ చక్కగా ఉన్నప్పటికీ సగం సర్వర్లు అందుబాటులో లేకుండా పోయాయి. సర్వర్‌లో చూస్తే రెండు లింకులూ పచ్చగానే ఉన్నాయి. రెండు స్విచ్‌లు పెట్టుకుని ఏం లాభం? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: బ్లేడ్ ఛాసిస్ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. దీని జవాబు తెలియకుండా రెండు స్విచ్‌లు కొన్నవారు భద్రత ఉందనుకుంటూ భద్రత లేకుండా నడుపుతున్నారు.

సర్వర్‌లోని జత ఏర్పాటు సాధారణంగా ఒక్క విషయాన్నే గమనిస్తుంది: తన పోర్టుకు ఎదురుగా విద్యుత్ సంకేతం ఉన్నదా, లేదా. ఛాసిస్‌లో సర్వర్‌కు ఎదురుగా ఉన్నది బ్లేడ్ స్విచ్ లోపలి పోర్టు. మధ్యనున్నది మిడ్‌ప్లేన్ తీగ, దానికి ఏమీ కాలేదు. తెగినది బ్లేడ్ స్విచ్ నుంచి బయటి ప్రధాన స్విచ్‌కు వెళ్లే అప్‌లింక్. ఇంట్లో కొళాయి, గొట్టం రెండూ బాగానే ఉండి వీధిలో మెయిన్ వాల్వు కట్టేసినట్టుగా ఉంటుంది ఈ స్థితి. సర్వర్ తన వైపు అంతా సవ్యంగా ఉన్నదనే నమ్మకంతో మొదటి స్విచ్‌కే ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది, అవి ముందుకు పోయే దారి ఉండదు. మొదటి పోర్టును ప్రధానంగా వాడుతున్న సర్వర్లు మునిగిపోయాయి, రెండోదాన్ని వాడుతున్నవి నిలిచాయి. మీకు సగం మాత్రమే పోవడానికి కారణం అదే.

దీనికి మందు స్విచ్‌లోనే ఉన్నది. సిస్కో దీనిని లింక్ స్టేట్ ట్రాకింగ్ అంటుంది. హెచ్‌పీ వర్చువల్ కనెక్ట్ మాడ్యూళ్లలో ఇదే పని చేసేదాని పేరు స్మార్ట్ లింక్, డెల్ స్విచ్‌లలో అప్‌లింక్ ఫెయిల్యూర్ డిటెక్షన్. ఆలోచన అన్నింటిలోనూ ఒక్కటే: పైకి వెళ్లే దారులన్నీ మూసుకుపోతే, స్విచ్ తన సర్వర్ పోర్టులను తానే కింద పడవేస్తుంది. అప్పుడు సర్వర్‌కు లింకు పోయినట్టు కనిపించి, అది రెండో పోర్టుకు మారుతుంది. సిస్కో 3020లో ముందుగా ‘లింక్ స్టేట్ ట్రాక్ 1’ అనే ఆదేశంతో గుంపును ప్రారంభించి, అప్‌లింక్ మీద ‘లింక్ స్టేట్ గ్రూప్ 1 అప్‌స్ట్రీమ్’ అనీ, 1 నుంచి 16 వరకు ఉన్న సర్వర్ పోర్టుల మీద ‘లింక్ స్టేట్ గ్రూప్ 1 డౌన్‌స్ట్రీమ్’ అనీ ఇవ్వాలి. రెండు మూడు కేబుళ్లను కలిపి ఒక ఈథర్‌ఛానెల్‌గా కట్టి ఉంటే అప్‌స్ట్రీమ్ ఆదేశం విడి పోర్టులకు కాకుండా పోర్ట్-ఛానెల్ ఇంటర్‌ఫేస్‌కు ఇవ్వాలి. ఇదంతా రెండు స్విచ్‌లలోనూ చేయాలి. రెండు స్విచ్‌ల అప్‌లింకులూ ఒకే ప్రధాన స్విచ్‌కు వెళుతుంటే ఆ ప్రధాన స్విచ్ పోయిన రోజున ఈ జాగ్రత్త ఏదీ పనికిరాదు కనుక, వాటిని రెండు వేర్వేరు స్విచ్‌లకు తీసుకువెళ్లండి.

ఈ 3020 స్విచ్‌లో 23, 24 నంబర్ల పోర్టులను బయటికి కాక పక్క బేలోని జంట స్విచ్‌కు లోపలి నుంచే కలిపే వీలు కూడా ఉన్నది. మొదటి స్విచ్ అప్‌లింక్ పోతే ప్యాకెట్లు ఆ అడ్డదారిన రెండో స్విచ్ మీదుగా పోతాయని కొందరు దీనినే నమ్ముకుంటారు. పనిచేయదని అనను. కానీ అక్కడ స్పానింగ్ ట్రీ మీద, అంటే ప్యాకెట్లు వలయంలో తిరగకుండా అదనపు దారులను మూసే ఏర్పాటు మీద, ఆధారపడవలసి వస్తుంది, ఏ దారి ఎప్పుడు మూసి ఉంటుందో ప్రతిసారీ లెక్క వేసుకోవలసి వస్తుంది. నిర్వహించేవారు ఒకరిద్దరే ఉన్న చోట అడ్డదారిని మూసివేసి, లింక్ స్టేట్ ట్రాకింగ్‌ను వాడడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం.

సర్వర్ వైపు నుంచే దీనిని పరిష్కరించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. లినక్స్ బాండింగ్‌లో లింకును మాత్రమే చూసే ఎంఐఐ పద్ధతికి బదులు, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే పరికరం) చిరునామాకు ఏఆర్‌పీ అనే విచారణ పంపి జవాబు వస్తున్నదో లేదో చూసే పద్ధతి ఉన్నది, అది పనిచేస్తుంది. వీఎంవేర్‌లో (వర్చువల్ యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) పోర్టుల మధ్య పరీక్ష ప్యాకెట్లు పంపి చూసే బీకన్ ప్రోబింగ్ మాత్రం రెండే పోర్టులున్న చోట ఏ వైపు తెగినదో తేల్చలేదు, దానికి కనీసం మూడు పోర్టులు కావాలి. సగం ఎత్తు బ్లేడ్‌లలో మెజనైన్ కార్డు లేకుండా రెండే పోర్టులుండడం సాధారణం కనుక మీకు అది ఉపయోగపడకపోవచ్చు. ఇంకొక మాట: ఈ రెండు స్విచ్‌లూ దేనికది విడి యంత్రాలు. సర్వర్ రెండు పోర్టులనూ కలిపి ఎల్ఏసీపీ (రెండు లింకులను ఒకే లింకుగా కట్టే పద్ధతి) పెడితే కుదరదు. ఒకటి పనిచేస్తూ ఒకటి సిద్ధంగా ఉండే పద్ధతి, లేదా వీఎంవేర్‌లో వర్చువల్ పోర్టు ఆధారంగా పంచే పద్ధతి మాత్రమే సరైనవి. ఒక సర్వర్ నుంచి రెండు స్విచ్‌లకూ ఎల్ఏసీపీ కావాలంటే, ఒకే స్విచ్‌గా కలిసి నడిచే 3120 వంటి స్టాక్ రకం ఉండాలి.

ఆదేశాలు ఇచ్చి ఊరుకోకండి. పని లేని వేళ చూసి, ఒక సర్వర్‌కు నిరంతరం పింగ్ నడుపుతూ, మొదటి స్విచ్ అప్‌లింకులను నిజంగా చేత్తో పీకండి. సర్వర్ మారినదో చూసి, కేబుళ్లు తిరిగి పెట్టి మళ్లీ గమనించండి. తిరిగి వచ్చేటప్పుడే చాలా చోట్ల రెండో అంతరాయం వస్తుంది. అప్‌లింక్ వెలగగానే సర్వర్ పోర్టులు కూడా వెలుగుతాయి, సర్వర్ వెంటనే పాత దారికి వస్తుంది, కానీ పాత పద్ధతి స్పానింగ్ ట్రీలో పై స్విచ్ ఆ పోర్టును 15 సెకన్ల చొప్పున రెండు దశలు దాటించి 30 సెకన్ల తరువాత గానీ తెరవదు. పై స్విచ్‌లలో ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ వాడండి, సర్వర్ తన పాత పోర్టుకు వెంటనే తిరిగి రాకుండా కొంత జాప్యం పెట్టండి. ఇదే 30 సెకన్ల కారణంగా నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే బ్లేడ్‌లకు డీహెచ్‌సీపీ చిరునామా అందక ఆగిపోవడం కూడా జరుగుతుంది. అందుకు సర్వర్ పోర్టుల మీద, ఆ నిరీక్షణ లేకుండా పోర్టును వెంటనే తెరిచే పోర్ట్‌ఫాస్ట్ పెట్టాలి, పోర్టు ట్రంక్ (ఒకేసారి అనేక వీలాన్లను, అంటే ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లను, మోసేది) అయితే ‘పోర్ట్‌ఫాస్ట్ ట్రంక్’ అని ఇవ్వాలి. అప్‌లింకుల మీద దానిని ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

ప్రశ్న: వాడిన బ్లేడ్ స్విచ్‌ను కొని, పాత సెట్టింగులన్నీ ‘రైట్ ఇరేజ్’తో తుడిచి మా నెట్‌వర్క్‌కు కలపవచ్చునా? (ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: అది ఒక్కటే చాలదు. సిస్కో స్విచ్‌లలో వీలాన్ల జాబితా ‘వీలాన్ డాట్ డ్యాట్’ అనే విడి ఫైలులో ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, ‘రైట్ ఇరేజ్’ దానిని తాకదు. ఆ ఫైలులోనే వీటీపీ (వీలాన్ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే ఏర్పాటు) డొమైన్ పేరు, సవరణ సంఖ్య కూడా ఉంటాయి. వీటీపీ ఒకటి, రెండు వెర్షన్లలో డొమైన్ పేరు, పాస్‌వర్డ్ కలిసిన స్విచ్‌లలో ఏది ఎక్కువ సవరణ సంఖ్యతో వస్తే దాని జాబితానే మిగిలినవన్నీ స్వీకరిస్తాయి, వచ్చినది క్లయింట్ రీతిలో ఉన్నా సరే. ఒకే సంస్థలో ఒక ల్యాబ్ నుంచి ఇంకొక చోటికి మార్చిన స్విచ్‌కు డొమైన్ పేరు కలవడం సహజమే కనుక, అక్కడ ప్రమాదం మరీ ఎక్కువ. ట్రంక్ కేబుల్ పెట్టిన మరుక్షణంలో నెట్‌వర్క్‌లోని వీలాన్లు మాయమై, వాటిలోని పోర్టులన్నీ మూగబోతాయి.

అందుచేత అప్‌లింక్ కేబుల్ పెట్టకముందే, కన్సోల్ నుంచి ఆ ఫైలును కూడా తొలగించి, స్విచ్‌ను రీలోడ్ చేసి, వీటీపీని ట్రాన్స్‌పరెంట్ (ఇతర స్విచ్‌ల జాబితాను స్వీకరించని) రీతిలో పెట్టండి. ఆ రీతిలో సవరణ సంఖ్య సున్నా అవుతుంది. ‘షో వీటీపీ స్టేటస్’లో దానిని కళ్లారా చూసిన తరువాతనే కేబుల్ పెట్టండి. కన్సోల్ వేగం సెకనుకు 9600 బిట్లు. 3020 వంటి పాత స్విచ్‌లకు భద్రతా సవరణలు ఇక రావు కాబట్టి, వాటి నిర్వహణ చిరునామాను ఇంటర్నెట్‌కు గానీ, విద్యార్థుల వీలాన్‌కు గానీ కనిపించనీయకండి.

ప్రశ్న: అప్‌లింక్ ట్రంక్ మీద 10, 20 వీలాన్లు నడుస్తున్నాయి. కొత్తగా 30 కావాలని ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30’ అని ఇచ్చాము. అంతే, సంబంధం తెగిపోయింది, స్విచ్‌లోకి కూడా వెళ్లలేకపోతున్నాము. (ఒక నెట్‌వర్క్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: ఆ ఆదేశం పాత జాబితాకు కలపదు, పాత జాబితాను తీసివేసి కొత్తదాన్ని పెడుతుంది. చేర్చాలంటే ‘వీలాన్’ అన్న మాట తరువాత ‘యాడ్’ తప్పనిసరి. ఇప్పుడు కన్సోల్ కేబుల్ పట్టుకుని ఛాసిస్ దగ్గరికి వెళ్లి పాత జాబితా తిరిగి ఇవ్వవచ్చు. మీరు కాన్ఫిగరేషన్‌ను భద్రపరచలేదు కాబట్టి, ఆన్‌బోర్డ్ అడ్మినిస్ట్రేటర్ నుంచి ఆ బే విద్యుత్తు ఆపి మళ్లీ ఇస్తే కూడా పాత స్థితి వస్తుంది. ఇకమీదట దూరం నుంచి ట్రంక్‌ను తాకే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ అని ఇవ్వండి. సంబంధం తెగితే 10 నిమిషాలలో స్విచ్ తానే భద్రపరచిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది, అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ అని, ఆ తరువాతనే సేవ్ చేయండి.

ప్రశ్న: రెండు బ్లేడ్ స్విచ్‌లూ ఆగిపోతే సర్వర్ల ఐలో (దూరం నుంచి సర్వర్‌ను నిర్వహించే హెచ్‌పీ ఏర్పాటు) రిమోట్ కన్సోల్ కూడా పోతుందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: పోదు. సి7000లో ఐలో సంభాషణ బ్లేడ్ స్విచ్‌ల మీదుగా వెళ్లదు, అది ఆన్‌బోర్డ్ అడ్మినిస్ట్రేటర్ పోర్టు గుండా బయటికి వస్తుంది. 3020 స్విచ్‌కు కూడా ఎఫ్ఏ0 అనే నిర్వహణ ఇంటర్‌ఫేస్ అటువైపే కలిసి ఉంటుంది, ఆన్‌బోర్డ్ అడ్మినిస్ట్రేటర్‌లోని ఈబీఐపీఏ పేజీలో ఆ బేకు స్థిరమైన చిరునామా కేటాయించవచ్చు. ఆ చిరునామా స్విచ్‌లోని ఇతర వీలాన్ ఇంటర్‌ఫేస్‌ల సబ్‌నెట్‌లో (చిరునామాల పరిధిలో) ఉండకూడదు. నిర్వహణ పోర్టు కేబుల్‌ను బ్లేడ్ స్విచ్‌లు చేరే ప్రధాన స్విచ్‌కే కాకుండా వేరొక చిన్న స్విచ్‌కు తీసుకువెళితే, ప్రధాన నెట్‌వర్క్ కూలిన సమయంలో కూడా మీకు లోపలికి దారి మిగులుతుంది.