మా గోదారి వైపు గులాబీ ముందు మర్యాదకు, ఆ తర్వాతే ప్రేమకు

ఇన్ని పూలుండగా గులాబీకే ఎందుకింత పేరు, ప్రేమకు అదే గుర్తు ఎందుకయిందని అడిగారు. ప్రేమ సంగతి పడమటి నుంచి వచ్చింది. గ్రీకులు ఆఫ్రొడైటీకి, రోమన్లు వీనస్‌కి గులాబీని ముడిపెట్టారు. వాలెంటైన్స్ డే పుణ్యమా అని అది మన కాలేజీల దాకా వచ్చింది. కానీ మా కడియం వైపు అంతకు చాలా ముందు నుంచే గులాబీ అంటే మర్యాద. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

మా పెద్దక్క పెళ్లి ఇంటి ముందే, కొబ్బరాకుల పందిట్లో జరిగింది. పందిరి గుమ్మం దగ్గర పిల్లలం నిలబడ్డాం. ఒకరి చేతిలో పన్నీరు బుడ్డి, ఒకరి చేతిలో గంధం గిన్నె, నా చేతిలో గులాబీల పళ్లెం. నాన్న నర్సరీలో పనిచేసేవారు, తెల్లారకముందే నాటు గులాబీలు కోసుకొచ్చారు. చిన్న పూలు, ముట్టుకుంటే రేకలు రాలిపోతాయి. కానీ సాయంత్రం దాకా నా చేతులు అదే వాసన.

మా మామ్మ తమ్ముడు చేను గట్టు తగాదా వల్ల ఏళ్ల తరబడి మా గడప తొక్కలేదు. ఆ రోజు వచ్చారు గానీ, గుమ్మం అవతలే కండువా సర్దుకుంటూ ఆగిపోయారు. మామ్మ నా వీపు తట్టి, "తాతయ్యకి పువ్వియ్యవే" అంది. ఆయన తీసుకుని, కళ్లు మూసుకుని వాసన చూసి, వెనకున్న భార్యకిచ్చారు. ఆవిడ ముడిలో పెట్టుకుంది. "పన్నీరు నామీద చల్లరేంటే?" అంటూ లోపలికొచ్చారు. బంతిలో కూర్చుని పూతరేకులు రెండోసారి వేయించుకున్నారు.

మల్లెలు ఈ పని చెయ్యలేవు. మల్లెలైతే మూర కావాలి, బంతీ చేమంతీ అయితే దండ కట్టాలి. గులాబీ ఒక్కటి చాలు, చేతికిచ్చెయ్యొచ్చు. దాని పేరుకు అసలు కారణం ఇదే. నెహ్రూ గారి షేర్వాణీ మీద కూడా ఒక్క పువ్వేగా ఉండేది!

ఏడాది పొడవునా దొరకడం రెండో కారణం. ఒకప్పుడు యూరప్ గులాబీలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూసేవి. 18వ శతాబ్దం చివర్లో చైనా రకాలు అక్కడికి చేరాక, వాటితో కలిపి మళ్లీ మళ్లీ పూసే రకాలు తయారుచేశారు. 1867 నాటి లా ఫ్రాన్స్ అనే రకాన్ని మొదటి హైబ్రిడ్ టీ, అంటే అలా కలిపి తెచ్చిన పెద్ద పూల గులాబీల్లో మొదటిది, అంటారు.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో చూస్తే ఒళ్లు మండుతుంది. హోసూరు, బెంగళూరు పాలీహౌసుల (ప్లాస్టిక్ కప్పిన తోటల) నుంచి వచ్చే డచ్ గులాబీలే పళ్లెం నిండా. మొన్న మా చుట్టాల పెళ్లిలో ఒక్కరూ పువ్వును ముక్కు దగ్గర పెట్టుకోలేదు, సగం కుర్చీల్లోనే వదిలేసి భోజనాలకు లేచిపోయారు. వాసన ఉంటేగా! ఎక్కువ రోజులు వాడిపోకుండా ఉండాలని, రంగూ కాడా బాగుండాలని ఏరుకుంటూ పోయేసరికి వాసన పోయింది. గులాబీ వాసనకు పనికొచ్చే ఒక ఎంజైమును ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2015లో గుర్తించారు, వాసన లేని రకాల్లో అది పెద్దగా పనిచెయ్యదట. తిరిగి తెచ్చే దారి ఉందన్నమాట. అడిగేవాళ్లుంటేనే కదా తెస్తారు!

కొనేవాళ్లూ అలాగే ఉన్నారు. హైవే మీద కారాపి, "పెద్ద పువ్వున్న కుండీ ఇవ్వండి" అంటారు. కొన్నాళ్లకు చిన్న పూలు పూస్తే మోసం చేశారంటారు. నాన్న, వేళ్ల కోసం పెంచే ముళ్ల గులాబీ కాండం మీద కత్తి మొనతో బెరడు చీల్చి, మంచి రకం కన్ను ఒకటి అందులోకి జొనిపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించేవారు. ఆ అంటు కింద నుంచి వచ్చే చిగురు ముళ్ల గులాబీదే. మొదట్లోనే తుంచకపోతే పైరకాన్ని అణిచేస్తుంది. నర్సరీవాళ్లను తిట్టే ముందు, మట్టి దగ్గర కాండం ఒకసారి చూసుకోండి.