ఆటల ఉత్తరాలు: కార్తాగో ఊరు ఎనభై ఒక్క ఏళ్లు ఎదురుచూసింది

పోయిన సంచికలో మధ్య అమెరికా దేశం కోస్టారికా ఫుట్‌బాల్ లీగ్ 2021-22 సీజన్ గురించి నాలుగు మాటలు రాశాను. అంత దూరపు దేశం లీగ్ గురించి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నేను 2011 నుంచి 2014 దాకా ఆ దేశంలోని ఎరెదియా ఊళ్లో ఉద్యోగం చేశాను. జీతాల లెక్కలు చూసే పని. శని, ఆదివారాలు మైదానాల్లోనే గడిచేవి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: 2021-22 సీజన్ విజేత ఎవరని వెతికితే ఒకచోట ఎరెదియానో అని ఉంది, ఇంకోచోట కార్తహినేస్ అని ఉంది. ఏది నిజం? ఒక ఏడాదికి ఇద్దరు ఛాంపియన్లు ఉంటారా?
(డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

జవాబు: రెండూ నిజమే. మాది గోదావరి డెల్టా. మా నాన్న ఏడాదికి రెండు పంటలు తీసేవారు, సార్వా ఒకటి, దాళ్వా ఒకటి. సార్వా బాగా పండిందని దాళ్వా లెక్క అందులో కలిపేయరు. ఏ పంట దిగుబడి ఆ పంటదే. కోస్టారికా లీగ్‌ని నేను అలాగే అర్థం చేసుకున్నాను.

జులైలో మొదలై డిసెంబరులో ముగిసేది అపెర్తూరా, అంటే ప్రారంభ టోర్నీ. జనవరిలో మొదలయ్యేది క్లౌసూరా, అంటే ముగింపు టోర్నీ. దేనికి దానికి విడిగా ఛాంపియన్ ఉంటాడు. 2021 డిసెంబరులో ఎరెదియా ఊరి జట్టు ఎరెదియానో గెలిచింది, 2022లో కార్తాగో ఊరి జట్టు కార్తహినేస్ గెలిచింది. సార్వా, దాళ్వా పోలిక ఊరికే చెప్పలేదు. కొన్నేళ్ల కిందటి దాకా ఈ టోర్నీల పేర్లు ఇన్వియెర్నో, వెరానో. స్పానిష్‌లో శీతాకాలం, వేసవి అని అర్థం. భూమధ్యరేఖకు దగ్గరి దేశం కదా, అక్కడ మనకు తెలిసిన చలికాలం ఉండదు. మే నుంచి నవంబరు దాకా మధ్యాహ్నం దాటితే వాన. ఆ వాన నెలలనే వాళ్లు శీతాకాలం అంటారు. అంటే ఒకటి వానల టోర్నీ, ఇంకొకటి ఎండల టోర్నీ. అక్టోబరు మ్యాచ్‌కు పోతే మొదటి సగం పొడిమీదా రెండో సగం బురదమీదా చూడాల్సి వచ్చేది. గొడుగు లోపలికి రానివ్వరు కాబట్టి అందరం పల్చటి ప్లాస్టిక్ కోట్లు వేసుకుని కూర్చునేవాళ్లం.

ఆ సీజన్‌లో పన్నెండు జట్లు. ఒక్కో టోర్నీలో ఒక్కో జట్టుకు 22 మ్యాచ్‌లు. పైనున్న నాలుగు సెమీఫైనల్స్‌కు వెళ్తాయి. అక్కడినుంచి ప్రతి పోరూ రెండు మ్యాచ్‌లు, ఒకటి మన ఊళ్లో, ఒకటి ఎదుటివాళ్ల ఊళ్లో. నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. 22 మ్యాచ్‌లు ఆడి పట్టికలో మొదట నిలిచిన జట్టు సెమీస్‌లోనో ఫైనల్‌లోనో ఓడిపోతే దాన్ని ఇంటికి పంపేయరు. గెలిచినవాళ్లతో ‘గ్రాన్ ఫైనల్’ ఆడే అవకాశం ఇస్తారు. నాలుగు నెలల కష్టానికి విలువ ఇవ్వడమంటే ఇదే. కింది డివిజన్‌కు పోయే జట్టును తేల్చేటప్పుడు మాత్రం రెండు టోర్నీల పాయింట్లూ కలిపి చూస్తారు.

ప్రశ్న: ఈ పేర్లు ఎలా పలకాలి? హెరెడియానో, అలజులెన్స్, కార్టజైన్స్ అని చదువుతున్నాను, సరేనా?
(పాఠకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: మూడూ మార్చుకోండి. స్పానిష్‌లో ‘హ’ రాసినా పలకరు, ‘జ’ అక్షరాన్ని ‘హ’ అని పలుకుతారు. ఎరెదియానో, అలహ్వెలెన్సే, కార్తహినేస్. ట, డ దాదాపు లేవు, త, ద అనండి. ఇంగ్లిష్ గుండా పోకుండా నేరుగా తెలుగులో రాసుకుంటే ఆ పేర్లు మన నోటికి హాయిగా వస్తాయి. అలహ్వెలెన్సే పొడుగనిపిస్తే అక్కడి జనంలాగే ‘లా లీగా’ అనండి చాలు. ఎరుపు, నలుపు చొక్కాల ఆ క్లబ్బు 1919లో పుట్టింది.

ప్రశ్న: కార్తహినేస్ జట్టుకు శాపం ఉండేదని, స్టేడియం కింద బొమ్మ పాతిపెట్టారని ఎక్కడో చదివాను. ఒక జట్టు అన్నేళ్లు గెలవకపోవడం ఏమిటి? అక్కడ ఉండి వచ్చారు కాబట్టి మీరే చెప్పాలి.
(రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి)

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం కోసమే ఎదురుచూశాను.

కార్తాగో సుమారు 1,400 మీటర్ల ఎత్తులో ఇరాసూ అగ్నిపర్వతం ఒడిలో ఉన్న ఊరు. పొద్దున్న పది దాకా మంచు విడవదు. అందుకే ఆ జట్టువాళ్లను ‘బ్రుమోసోస్’ అంటారు, మంచువాళ్లని. 1823 దాకా దేశ రాజధాని ఇదే. తర్వాత ఆ గౌరవం సాన్ హోసేకు పోయింది. 1910 మే 4న భూకంపం వచ్చి ఊరు నేలమట్టమైంది. ఊరి నడిబొడ్డున కప్పులేని రాతిగోడల చర్చి ఒకటి ఈనాటికీ అలాగే నిలబడి ఉంది, లోపల తోట పెంచుతున్నారు. ఫుట్‌బాల్ క్లబ్బు 1906లో పుట్టింది, ఇప్పుడు ఆ లీగ్‌లో ఆడుతున్నవాటిలో అన్నిటికన్నా పాతది. ఇప్పుడున్న ఊరికంటే దాని క్లబ్బు వయసే పెద్దదన్నమాట.

ఆ క్లబ్బు 1923లో, 1936లో, 1940లో ఛాంపియన్ అయింది. ఆ తర్వాత ఒక్కటీ లేదు. అలాగని బలహీనమైన జట్టేమీ కాదు. 1994 కాన్కకాఫ్ ఛాంపియన్స్ కప్ ఫైనల్లో మెక్సికోకు చెందిన అట్లాంతేను 3-2తో ఓడించింది. అంటే ఉత్తర, మధ్య అమెరికా మొత్తానికి విజేత. మన జిల్లా కప్పు అందని జట్టు జాతీయ కప్పు ఎత్తుకొచ్చినట్టు. సొంత లీగ్‌లో మాత్రం ఫైనల్ దాకా వచ్చి ఓడిపోవడం, మళ్లీ రావడం, మళ్లీ ఓడిపోవడం.

శాపం గురించి రెండు కథలు చెప్తారు. 1940 గెలుపు సంబరంలో ఆటగాళ్లు గుర్రాలెక్కి చర్చిలోకి పోయారనీ, పూజారి కోపగించి ‘ఇక మీకు గెలుపు లేదు’ అన్నాడనీ ఒకటి. మైదానంలో ఎవరో బొమ్మ పాతారనేది మరొకటి. ఆ బొమ్మను వాళ్లు ‘మున్యేకో’ అంటారు. ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే మిత్రుడు కార్తాగోవాడు. 2012లో నన్ను ఫెయో మెసా స్టేడియంకు తీసుకెళ్లాడు. నేను ఏమీ అడగకముందే గోల్‌స్తంభం వైపు వేలు చూపించి, ‘అక్కడ అని మా నాన్న అంటాడు. మధ్య గీత దగ్గరని మా మామయ్య అంటాడు. వాళ్లిద్దరికీ ముప్పై ఏళ్లుగా అదే గొడవ’ అన్నాడు. నవ్వుతూ చెప్పలేదు. మన ఊళ్లో పొలం గట్టు తగాదా గురించి చెప్పినట్టు చెప్పాడు.

2013 మేలో వెరానో టోర్నీ ఫైనల్ కార్తహినేస్‌కూ ఎరెదియానోకూ పడింది. నేనున్నది ఎరెదియాలో, మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు చిన్నప్పటినుంచీ ఎరెదియానో అభిమాని. మిత్రుడు మాత్రం కార్తాగో. రెండో మ్యాచ్ రోజు అతణ్ణి మా ఇంటికే పిలిచాను, టీవీలో చూద్దామని. మొదటి మ్యాచ్‌లో కార్తాగో గెలిచింది కాబట్టి వాళ్లదే పైచేయి. అతను మాత్రం నీలం, తెలుపు చొక్కా సంచిలో పెట్టుకునే వచ్చాడు, గెలిచాకే వేసుకుంటానన్నాడు. రెండో మ్యాచ్‌లో ఎరెదియానో లెక్క సరిచేసింది. పెనాల్టీలు. కార్తాగో ఓడింది. మా వీధి మొత్తం హారన్లతో హోరెత్తింది. ఆ యజమానురాలు అరవబోయి అతని ముఖం చూసి ఆగిపోయింది. వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను తాగాడు, కప్పు కడిగి పెట్టాడు, కార్తాగో పోయే ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు. సంచిలో చొక్కా మడత విప్పనేలేదు. సోమవారం ఆఫీసుకు మామూలుగానే వచ్చాడు. నెలాఖరు జీతాల పని ఉంది, చేసుకున్నాం. ఆ మ్యాచ్ మాట ఇద్దరం ఎత్తలేదు. నేను ఇండియా వచ్చేసేదాకా ఎత్తలేదు.

ఇక 2022. క్లౌసూరా ఆ ఏడు జులై దాకా సాగింది. మధ్యలో జూన్ 14న జాతీయ జట్టు ఖతర్‌లో న్యూజిలాండ్‌ను 1-0తో ఓడించి ప్రపంచకప్‌కు అర్హత సంపాదించింది, దేశం ఆ ఆనందంలో ఉంది. కార్తహినేస్ కోచ్ హేయ్‌నెర్ సెగూరా. దాడిలో అందరికన్నా ముందు నిలబడింది క్యూబాకు చెందిన మార్సెల్ ఎర్నాందెస్. టైటిల్ పోరులో ఎదుట ఉన్నది అలహ్వెలెన్సే, అప్పటికి ముప్పై టైటిళ్లున్న జట్టు. ఆఖరి మ్యాచ్ జులై 6 రాత్రి, అలహ్వేలాలోని అలెహాంద్రో మొరేరా సోతో స్టేడియంలో. మనకు అది జులై 7 పొద్దున్న. హైదరాబాద్‌లో మా ఇంట్లో పెసరట్టు పెనంమీద ఉండగా నేను ఫోన్ ముందు కూర్చున్నాను.

ఆట అయిపోయింది. కార్తహినేస్ ఛాంపియన్. అక్కడివాళ్ల లెక్కలో ఎనభై ఒక్క ఏళ్లు. పావుగంట తర్వాత మిత్రుడి నుంచి వీడియో కాల్ వచ్చింది. ఎత్తాను. అతను ఒక్క మాట కూడా అనలేదు. ఫోన్ వీధివైపు తిప్పి పట్టుకున్నాడు. కార్లు, జెండాలు, చర్చి గంటలు, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలామె. ఆ చొక్కా వేసుకున్నాడో లేదో చూడాలనుకున్నాను, కానీ అతని ముఖం తెరమీదకు రానేలేదు. పది నిమిషాలు అలాగే చూస్తూ ఉన్నాను. అట్టు మాడింది.

మాస్టారూ, బొమ్మ ఉందా లేదా అని మీరు అడిగారు. నాకు మటుకు ఆ కథ ఊరివాళ్లు ఒకరినొకరు ఓదార్చుకోవడానికి అల్లుకున్నదనిపిస్తుంది. తప్పు ఆటగాళ్లది, కోచ్‌ది అనుకుంటే ఊరు చీలిపోతుంది. తప్పు బొమ్మది అనుకుంటే మళ్లీ ఆదివారం అందరూ కలిసి మైదానానికి పోవచ్చు. 2024 మే నాటికి ఆ లీగ్‌లోనే ఆడే ఇంకో క్లబ్బు సాప్రిస్సాకు నలభై టైటిళ్లు, కార్తహినేస్‌కు నాలుగు. ఆ నాలుగోదాని కోసం ఆ ఊరు పడ్డ ఆరాటం ముందు నలభయ్యో టైటిల్ సంబరం నాకు చిన్నదిగానే కనిపించింది. సాప్రిస్సా అభిమానులు నన్ను క్షమించాలి.

ప్రశ్న: యూరప్ లీగులు ఉండగా ఇంత చిన్న దేశం లీగ్ చూడటం దేనికి? మనకు దానితో ఏమన్నా సంబంధం ఉందా?
(పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఉంది. 2014, 2018 ప్రపంచకప్‌లు ఆడిన డిఫెండర్ జానీ అకోస్తా ఆ లీగ్‌లో అలహ్వెలెన్సేకూ ఎరెదియానోకూ ఆడినవాడే. రష్యా ప్రపంచకప్ అయ్యాక నేరుగా కోల్‌కతా వచ్చి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2023లో వచ్చిన ఫార్వర్డ్ జోనాథన్ మోయా కూడా అలహ్వెలెన్సేలో ఆడినవాడు. ఆ పేరు ప్రకటించిన రోజు ఆనందం పట్టలేక మిత్రుడికి మెసేజ్ పెట్టాను. ‘అలహ్వెలావాడా, సరే జాగ్రత్తగా చూసుకోండి’ అని జవాబు.

చిన్న దేశం అన్నారు కదా. కేలర్ నవాస్ సాప్రిస్సా గోల్‌కీపర్‌గా ఎదిగి 2010లో స్పెయిన్ వెళ్లాడు. 2014లో అతను గోల్ కాస్తుండగా కోస్టారికా ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ దాకా పోయింది. 2005లో జపాన్‌లో జరిగిన క్లబ్ ప్రపంచ పోటీలో సాప్రిస్సా మూడో స్థానం తెచ్చుకుంది. యాభై లక్షల పైచిలుకు జనం ఉన్న దేశం ఇదంతా చేసిందంటే, దాని వేరు ఆ వాన మైదానాల్లోనే ఉంది. యూరప్ లీగులు నేనూ చూస్తాను. కానీ గోల్ పడగానే వెనక వరసలోని పెద్దాయన నా భుజాలు పట్టుకుని ఊపేసింది మాత్రం కార్తాగోలోనే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. మీ వ్యాసం చదివిన దగ్గర్నుంచి తెల్లారేదాకా మేలుకుని ఆ మ్యాచ్‌లే చూస్తున్నాడు. వద్దంటే అలుగుతున్నాడు. ఏం చేయమంటారు?
(ఒక తల్లి, కాకినాడ)

జవాబు: అమ్మా, ఈ తలనొప్పి తెచ్చింది నా వ్యాసమే కాబట్టి దారి కూడా నేనే చెప్తాను. కోస్టారికా టైము మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి ఎనిమిది మ్యాచ్ మనకు మర్నాడు పొద్దున్న ఏడున్నరకు వస్తుంది. దానికోసం రాత్రంతా మేలుకోనక్కర్లేదు. త్వరగా పడుకుని లేచినా చూడొచ్చు, కాలేజీ రోజైతే వదిలేయాలి. నిద్ర చెడగొట్టేవి అక్కడి మధ్యాహ్నం, సాయంత్రం మ్యాచ్‌లు. సాప్రిస్సా సొంత మైదానంలో ఆదివారం పొద్దున్న పదకొండు గంటలకు ఆడటం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. అది మనకు ఆదివారం రాత్రి పదిన్నర. పన్నెండున్నరకు అయిపోతుంది. వారానికి ఆ ఒక్కటీ చూడనివ్వండి, మిగతావి మర్నాడు సాయంత్రం ముఖ్యాంశాల్లో చూసుకోమనండి. మార్చి పరీక్షలయ్యేదాకా అదీ మానేయమని నేను చెప్పానని చెప్పండి. క్లౌసూరా అసలు పోరు సెమీఫైనల్స్‌తో మొదలవుతుంది, అవి వచ్చేసరికి అతని పరీక్షలు ఎలాగూ అయిపోతాయి. ఏ జట్టు పక్షమో మాత్రం ఉత్తరంలో రాయలేదు మీరు. అబ్బాయినే ఒక కార్డు ముక్క రాయమనండి.