పాపులు బాగుపడుతుంటే మనసు కుళ్లకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇది. గుణుపురం వైపు సంతల్లో జీడిపిక్కలు, చింతపండు కొనే వ్యాపారం మీది. పక్క కొట్టాయన కొండ దిగి వచ్చే సవర రైతుల దగ్గర తూకంలో కొట్టేసి మేడ కట్టాడు. సరిగ్గా తూచే మీరు ఇంకా రేకుల ఇంట్లోనే ఉన్నారు. "ఎంత ప్రార్థించినా ఈ కుళ్లు పోవడం లేదు, నాలో దైవభయం లేదా?" అని అడిగారు.

ఉంది బ్రదర్. లేకపోతే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. అయితే చాలామంది విశ్వాసులు చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. మత్సరాన్ని తోసేయాలని చూస్తున్నారు గాని, ఆ చోట దేన్ని పెట్టాలో చూడటం లేదు.

సామెతలు 23:17 మన బైబిల్లో "పాపులను చూచి నీ హృదయమునందు మత్సరపడకుము, నిత్యము యెహోవాయందు భయభక్తులు కలిగియుండుము" అని ఉంటుంది. మూల భాష హెబ్రీలో ఈ వచనానికి క్రియ ఒక్కటే. "కలిగియుండుము" అనేది అనువాదంలో అర్థం కోసం చేర్చింది. ఆ ఒక్క క్రియకు మత్సరం అనీ, ఆసక్తితో రగలడం అనీ రెండర్థాలు. అంటే పక్కవాడి మేడ చూసి రగిలే ఆ మంటనే దేవుని వైపు తిప్పమంటోంది ఈ వచనం. "నిత్యము" అన్న మాటకు మూలంలో ఉన్నది "దినమంతయు". కీర్తన 73:14లో ఆ కీర్తన రాసిన ఆసాపు "దినమంతయు నాకు బాధ కలుగుచున్నది" అన్నప్పుడూ అదే మాట. మత్సరం పొద్దంతా పనిచేస్తుంది. తెల్లారి పది నిమిషాల ప్రార్థన ఒక్కటే దానికి చాలదు.

అందుకని రోజంతటికీ సరిపడేలా చేయండి. కొట్టు తెరవకముందు 73వ కీర్తన పైకి చదవండి. 28 వచనాలు, ఐదు నిమిషాల పని. 17వ వచనం దగ్గర ఆగండి, "నేను దేవుని పరిశుద్ధ స్థలములోనికి పోయి" అన్నచోట. తర్వాత ఒకటి గమనించండి. భక్తిహీనుల అంతం గురించి ఆసాపు వరసగా చెప్పింది మూడే వచనాలు, 18 నుంచి 20 వరకు; మళ్లీ 27లో ఒక్కసారి. మిగతా ఏడూ తన తెలివితక్కువతనం గురించీ, తన చెయ్యి పట్టుకున్న దేవుని గురించీ. మనం చదివేటప్పుడు ఆ మూడింటి దగ్గరే కూర్చుండిపోతాం. మన ప్రార్థన బెడిసికొట్టేది అక్కడే.

కాటా దగ్గర దైవభయం చేతుల్లో కనబడాలి. రైతు సరుకు పెట్టకముందే కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడండి, అతనికీ చూపించండి. అంకె అతనివైపు తిప్పి, బరువు అతనికి అర్థమయ్యే భాషలో పైకి చెప్పండి. తేమకు తరుగు తీస్తే ఎంత తీశారో ముందే చెప్పండి. "సంచిలోని గుండ్లన్నియు ఆయన నియమించెను" అంటుంది సామెతలు 16:11. అలా తూచిన ప్రతిసారీ "ప్రభువా, నీ ముందు తూచాను" అని లోపల అనుకోండి. సంత రోజున మనసు పక్క కొట్టు మీదికి పోకుండా నిలబెట్టడానికి నాకు తెలిసిన గట్టి మార్గం ఇదే.

మేడ కంటపడి గుండె కలుక్కుమన్నప్పుడు ముందు అతని పాపం దేవునికి చెప్పకండి. "నేను మత్సరపడ్డాను" అని మీది చెప్పండి. ఆ తర్వాతే అతని పేరు పెట్టి మారుమనస్సు కోసం, అతని పిల్లల కోసం ప్రార్థించండి. మొదట్లో నోరు ఎండిపోయినట్టుంటుంది, అయినా మానకండి. మీలో ఉన్నది న్యాయం కోసం కోపమా, మత్సరమా అని తేల్చుకోవాలంటే ఒక్కటి అడుక్కోండి: అతను రేపు మారి, రైతులకు బాకీ తీర్చి, మేడ మాత్రం ఉంచుకుంటే మీకు సంతోషమేనా? లూకా 15లో, తిరిగొచ్చిన తమ్ముణ్ని తండ్రి చేర్చుకుంటే సంతోషించలేని పెద్దకొడుకు తప్పిపోయింది ఇక్కడే.

సామెతలు 23:18లో "ముందు గతి రానే వచ్చును" అన్నదాన్ని చాలామంది "మనకూ ఒకరోజు మేడ వస్తుంది" అని చెబుతారు. అలా చెప్పడం ప్రమాదం. మేడ రాకపోతే దేవుడే మాట తప్పినట్టు అనిపించి ఈసారి కుళ్లు ఆయన మీదికే తిరుగుతుంది. "ముందు గతి" అన్నచోట ఉన్న హెబ్రీ మాటే కీర్తన 73:17లో "వారి అంతము" అన్నచోటా ఉంది. అతని చివరినీ మీ చివరినీ పక్కపక్కన పెట్టి చూడమంటోంది వాక్యం. మీ చివర ఏముందో 73:24 చెబుతుంది: "తరువాత మహిమలో నీవు నన్ను చేర్చుకొందువు."

అతను పడిపోవాలని ఎదురుచూడటమూ మత్సరమే. పడ్డాడని సంతోషిస్తే దేవుడు అతని మీదినుంచి కోపం తిప్పుకుంటాడేమోనని సామెతలు 24:18 హెచ్చరిస్తుంది. అలాగని రైతుల నష్టం చూస్తూ ఊరుకోమనడం లేదు. ముందు అతనితో ఒంటరిగా మాట్లాడండి. వినకపోతే తూనికలు కొలతల శాఖకు చెప్పండి. కాకపోతే "అతను మారి మేడ ఉంచుకుంటే నాకు సంతోషమేనా?" అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు దొరికాకే ఆ గడప ఎక్కండి.

ఆదివారం ఆరాధన మానకండి. ఆసాపు చూపు మారింది ఇంట్లో ఒక్కడే ఆలోచించినప్పుడు కాదు, దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లినప్పుడు. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర నిలబడ్డప్పుడు "మీలో కొందరు అట్టివారై యుంటిరి" అన్న 1 కొరింథీ 6:11 గుర్తు చేసుకోండి. దోచుకొనువారు అన్న మాట దానికి ముందు వచనంలోనే ఉంది.

ఇంకొకటి ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. అన్నం దగ్గర, పిల్లల ముందు, ఆ మేడ ఊసు ఎత్తకండి. "శుద్ధిగా ఉండటం వ్యర్థమే" అన్న మాట తాను బయటికి అంటే దేవుని పిల్లలను మోసం చేసినట్టేనని 73వ కీర్తన 15వ వచనంలో ఆసాపు నోరు కట్టుకున్నాడు. దేవునితో మాత్రం అంతా చెప్పుకున్నాడు.