ఫార్మల్ మెథడ్స్ ఎలక్టివ్‌తో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఎలక్టివ్‌గా ఫార్మల్ మెథడ్స్ తీసుకుంటానంటోంది. ప్లేస్‌మెంట్లకు అది పనికిరాదని, క్లౌడ్ కంప్యూటింగే మేలని సీనియర్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఆమెను తీసుకోనివ్వండి. క్లౌడ్ సర్వీసుల వాడకం ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు. కానీ ఫార్మల్ మెథడ్స్ నేర్పేది, అంటే ఒక ప్రోగ్రామ్ ఏం చేయాలో తర్కబద్ధంగా రాసుకుని, అది అన్ని సందర్భాల్లోనూ అలాగే చేస్తుందని నిరూపించే అలవాటు, చదువుకునే రోజుల్లో అబ్బకపోతే తర్వాత అబ్బడం చాలా కష్టం.

ఆమె ఇప్పటికే చదివిన బైనరీ సెర్చ్‌నే (వరుసక్రమంలో ఉన్న అర్రేను, అంటే విలువల జాబితాను, ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే పద్ధతి) తీసుకోండి. మధ్య స్థానం కోసం ఎడమ, కుడి హద్దులను కూడి రెండుతో భాగిస్తారు. అర్రే బాగా పెద్దదై ఆ మొత్తం 2,147,483,647ను దాటితే, 32 బిట్లలో పట్టక రుణసంఖ్యగా మారిపోతుంది. జావా లైబ్రరీలోనే ఏళ్ల తరబడి దాగిన ఈ లోపం 2006లో అందరికీ తెలిసింది. చిన్న అర్రేలతో ఎన్ని టెస్టులు రాసినా ఇది దొరకదు. పూర్ణాంకాల పరిమితిని లెక్కలోకి తీసుకునే వెరిఫయర్ (ప్రోగ్రామ్ సరైనదేనని నిరూపణతో సరిచూసే సాధనం) మాత్రం ఆ కూడిక దగ్గరే ఆగి, మొత్తం హద్దు దాటదని నిరూపించమంటుంది. కుడి హద్దులోంచి ఎడమ హద్దును తీసివేసి, అందులో సగాన్ని ఎడమ హద్దుకు కలిపితే చిక్కు తీరుతుంది. ఇలా ఆలోచించడం వచ్చిన విద్యార్థి ఏ భాషలో కోడ్ రాసినా ఆ జాగ్రత్త కనిపిస్తుంది.

సీనియర్ల మాటలో నిజం లేకపోలేదు. సర్వీసు కంపెనీల క్యాంపస్ పరీక్షల్లో సాధారణంగా దీని మీద ప్రశ్నలుండవు. అయితే మన నగరంలోనే కార్యాలయాలున్న ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్ వంటి చిప్ సంస్థల రంగంలో ఫార్మల్ వెరిఫికేషన్, అంటే డిజైన్ సరైనదేనని గణితపరంగా నిరూపించడం, ప్రత్యేకమైన వృత్తి. 1994లో బయటపడిన పెంటియం ప్రాసెసర్ భాగహార లోపానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు మూల్యం చెల్లించింది. సాఫ్ట్‌వేర్‌లోనూ అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇంజినీర్లు 2011 నుంచి టీఎల్‌ఏ ప్లస్ (సిస్టమ్ ఎలా నడవాలో తర్కబద్ధంగా రాసే భాష) వాడుతున్నారు. చిప్‌ల వైపు వెళ్లాలనుకుంటే డిజిటల్ లాజిక్, చిప్ డిజైన్లను రాసి పరీక్షించే సిస్టమ్ వెరిలాగ్ భాష కూడా నేర్చుకోవాలి.

చేరేముందు ఒక్క విషయం కనుక్కోమనండి: ల్యాబ్ ఉందా, లేక బోర్డు మీద సూత్రాలు రాయించి పరీక్ష పెడతారా? రెండోదైతే ఆమె స్వయంగా డాఫ్నీ (వెరిఫయర్ ఉన్న ప్రోగ్రామింగ్ భాష) వంటి ఉచిత సాధనాన్ని పెట్టుకుని సాధన చేయాలి. ఒకే సీటు ఇద్దరికి బుక్ కాదని టీఎల్‌ఏ ప్లస్‌లో నమూనా రాసి సరిచూడటం మంచి మినీ ప్రాజెక్టు అవుతుంది. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో లాజిక్ భాగాన్ని సెలవుల్లో మళ్లీ చదవాలి. డేటా స్ట్రక్చర్ల రోజువారీ సాధనను మాత్రం ఈ సబ్జెక్టు కోసం ఆపకూడదు.