నిమ్మతోటలో ఏ కాలంలో ఏం పని ఉంటది?
గూడూరు పక్కన తోట కొన్నాం, ఏడాదంతా పనుంటదా అని అడిగారు కదా. ఉంటది, కాకపోతే ఒకే రకంగా ఉండదు. మన సైడు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య వానలు కాబట్టి పాదుల్లో నీళ్లు నిలవకుండా కాలవలు తీయడమే పెద్ద పని, నిలిస్తే వేర్లు కుళ్ళిపోతాయి. గజ్జి తెగులు కూడా వానల్లోనే ఎక్కువ, ఆకు మీద గరుకుగా గోధుమరంగు మచ్చ, చుట్టూ పసుపు రింగు కనపడితే అదే, ఆ పుల్లలు కత్తిరించి కాల్చేసి లీటరు నీళ్లకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొట్టించండి (ముళ్లు జాగ్రత్త, నా చేతులు చూస్తే తెలుస్తది). వానలు పోయాక కొన్నాళ్లు నీళ్లు ఆపి చెట్టుని బెట్టకి వదిలితే జనవరి, ఫిబ్రవరిలో పూత బాగా వస్తది. పూత నుంచి కోతకి 5, 6 నెలలు, అంటే ఆ కాయ ఎండలు తగ్గాకే చేతికొస్తది, మంచి రేటున్న వేసవికి అందదు.