ముందు బండి సంగతి చూడు

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీర్వదించి రాసేది.

సోమవారం వార్డు సచివాలయంలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ నీకు ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను. శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉద్యోగం ఎంత తిరుగుడో నాకు తెలుసు. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఒక్క ఏళ్ళు వీధుల్లోనే గడిపినవాణ్ణి. నాకు తెలిసింది నీకు కాక ఇంకెవరికి చెబుతాను?

"తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇమ్మంటే జనం వినరటగా, ఏం చెయ్యాలి మావయ్యా?" అని అడిగావు. జనం దగ్గరికి తర్వాత వెళ్దువుగాని, ముందు బండి సంగతి చూడు.

నేను పనిచేసిన ఒక మునిసిపాలిటీలో ఇంటింటికీ రెండేసి డబ్బాలు పంచిన కొత్త అది. రెండు వారాల పాటు గుమ్మం గుమ్మం ఎక్కి చెప్పాం. ఒక వీధిలో రిటైరైన టీచరమ్మ ఉండేది. బండి వచ్చే వేళకి రెండు డబ్బాలూ అరుగు మీద సిద్ధంగా ఉంచేది. తడి డబ్బా అడుగున పాత పేపరు పరిచి, దాని మీద కూరగాయల తొక్కలు, దేవుడి దగ్గర వాడిన పూలు వేసేది. పొడి డబ్బాలో పాల కవర్లు కడిగి, ఆరబెట్టి, మడిచి, రబ్బరు బ్యాండు వేసి పెట్టేది. ఒకరోజు నేను బండి వెనకాలే నడుస్తున్నాను. మా కార్మికుడు ఆ రెండు డబ్బాలూ అందుకుని ఒకదాని తర్వాత ఒకటి ఒకే తొట్టిలో బోర్లించాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది, ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి ఆ ఇంటి నుంచి ఒకే డబ్బా వచ్చింది, అన్నీ కలిపి. వెళ్ళి అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

అతని తప్పేం లేదమ్మా. అతని చేతికిచ్చిన బండికి ఉన్నది ఒకటే తొట్టి. వేల ఇళ్ళకి డబ్బాలు కొన్నాం గానీ, బండికి మధ్యలో ఒక పార్టిషన్ రేకు వేయించాలని ఎవరికీ తట్టలేదు. నాకు కూడా తట్టలేదు. ఆ వీధి మొత్తం మళ్ళీ దారికి రావడానికి ఏడాది పైనే పట్టింది. ఒకసారి చెత్తబండి దగ్గర నమ్మకం పోయిందంటే ఇక ఎన్ని కరపత్రాలు పంచినా, ఎన్ని మైకులు పెట్టినా ఎవరూ పట్టించుకోరు.

అందుకని మొదటి వారం ఎవరి గడపా తొక్కకు, ఎవరికీ నీతులు చెప్పకు. బండి వెనకాల నడువు. ఏ ఇంట్లో ఏం వేస్తున్నారు, ఎక్కడ కలుస్తోంది, ఏ మూల మీద ఆగుతోంది చూడు. అక్కడితో ఆగకుండా అది చెత్త దించే చోటికీ వెళ్ళు. ట్రాన్స్‌ఫర్ స్టేషన్లో కంపాక్టర్‌లోకి అన్నీ కలిపే నొక్కేస్తుంటే, వీధిలో నువ్వు పడ్డ కష్టమంతా అక్కడ పోయినట్టే. పొడి చెత్త దించడానికి వేరే చోటు, తూకం వేసి కొనే మనిషి, తడి చెత్తకి కంపోస్టు గుంట ఉన్నాయా లేవా నీ కళ్ళతో నువ్వు చూసుకోవాలి. లేకపోతే ఫోటో తీసి, తేదీ వేసి, పై ఆఫీసుకి కాగితం పెట్టు. నోటి మాటగా చెప్పి ఊరుకోకు, మన శాఖలో నోటి మాటకి నంబరు పడదు.

రూల్ కూడా నీ వైపే ఉంది. 2016 ఏప్రిల్‌లో వచ్చి, 2026 మార్చి దాకా అమల్లో ఉన్న ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఒకసారి నిదానంగా చదువు. అందరూ నాలుగో నిబంధన గురించే మాట్లాడతారు. ఇంటివాళ్ళు తడి, పొడి, ప్రమాదకర చెత్త అని మూడు రకాలుగా వేరు చేయాలి, వీధిలోనో కాలవలోనో పారేయకూడదు, కాల్చకూడదు, పాతిపెట్టకూడదు అని అందులో ఉంది. అదే పుస్తకంలో పదిహేనో నిబంధన ఉంది. వేరు చేసిన చెత్తని వేరుగానే ఇంటింటి నుంచి సేకరించాలి, వేరుగానే తరలించాలి అని అది స్థానిక సంస్థ మీద పెట్టిన బాధ్యత. ఇంటి మీద ఎంత బరువు పెట్టారో మన మీదా అంతే పెట్టారు. మన వంతు మనం చేయకుండా జనం మీద చలానా పుస్తకం తీయడం న్యాయం కాదని నేనెప్పుడూ అంటాను.

ఈ చట్టాలు గాలిలోంచి ఊడిపడలేదు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు దేశమంతా హడలిపోయింది. మా ఆఫీసులో కూడా బ్లీచింగ్ బస్తాలు రాత్రికి రాత్రి దించారు. 1996లో అల్మిత్ర పటేల్ అనే ఆవిడ పట్టణాల చెత్త సంగతి మీద సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ కేసు నడుస్తుండగానే 2000లో మొట్టమొదటిసారి పట్టణ చెత్తకి దేశం మొత్తానికీ నిబంధనలు వచ్చాయి. అంతకు ముందు మాకు తెలిసిన విద్య ఒకటే: వీధి చివర కుండీ, కుండీ నిండితే ట్రాక్టరు, ట్రాక్టరు నిండితే ఊరి బయట గొయ్యి. ఆ తర్వాత సూర్యాపేట, బొబ్బిలి లాంటి చిన్న మునిసిపాలిటీలే చెత్త ఎలా వేరు చేయవచ్చో చేసి చూపించాయి. ఊళ్ళ శుభ్రతకి కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌కి 2017 నుంచి 2023 దాకా వరసగా మొదటి ర్యాంకు వచ్చిందంటే, అక్కడి బండ్లలో వేరు వేరు అరలు పెట్టి, కుండీలు ఎత్తేయడమే అసలు కారణమని నేను నమ్ముతాను.

ఇప్పుడు నువ్వు చేరుతున్నది కొత్త రూల్స్ కాలంలో. 2026 జనవరిలో కేంద్రం కొత్త నిబంధనలు ఇచ్చింది, ఆ ఏప్రిల్ 1 నుంచి అవే అమలు. మూడు రకాలు నాలుగయ్యాయి: తడి, పొడి, శానిటరీ (ప్యాడ్లు, డైపర్లు), ఇంకా ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి, అంటే పెయింటు డబ్బాలు, బల్బులు, పాదరసం థర్మామీటర్లు, కాలం చెల్లిన మందులు లాంటివి. అలాగని ఇంటికి నాలుగు డబ్బాలు కొనమని చెప్పావో, తలుపు వేసేస్తారు. రెండు గదుల ఇంట్లో నాలుగు డబ్బాలు ఎక్కడ పెడతారమ్మా? రెండు డబ్బాలు చాలు. శానిటరీది పేపరులో చుట్టి విడిగా ఇమ్మను. బల్బులు, మందులు రోజూ వచ్చేవి కావు కదా, ఒక సంచీలో వేసి మేకుకి తగిలించుకుని నెలకోసారి ఇమ్మను. బండి పక్కన రెండు కొక్కేలు వేయించి, వాటికి రెండు గట్టి సంచులు తగిలిస్తే సరిపోతుంది.

శానిటరీ ప్యాడ్ల సంగతి నేను సర్వీసులో ఎప్పుడూ సరిగ్గా చేయలేకపోయాను. మగవాణ్ణి, నేను ఆ మాట ఎత్తితే ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయేవారు. మేమంతా 'ఆ విషయం' అని నసిగి దాటేసేవాళ్ళం. దాని ఫలితం ఎవరు అనుభవించారంటే చెత్త ఏరే కార్మికురాళ్ళు, చేతులతో. నీకు ఆ ఇబ్బంది లేదు. డ్వాక్రా సంఘం మీటింగులో కూర్చుని సూటిగా మాట్లాడు: పేపరులో చుట్టండి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి, తడి దాంట్లో మాత్రం వేయకండి. పిల్లల డైపర్లు కూడా ఇందులోకే అని చెప్పు, చాలామంది పొడి చెత్త అనుకుంటారు.

గాజు గురించి కూడా. ఒకసారి మా పుష్‌కార్ట్ మీద పనిచేసే అమ్మాయి అరచేతిలో విరిగిన ట్యూబ్‌లైటు ముక్క దిగింది. ఎవరో అన్నం మెతుకుల కింద వేసి ఇచ్చారు. ఆ అమ్మాయి ముందు చేతికి అంటిన మెతుకులు తుడుచుకుని, తర్వాత రక్తం చూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. మర్నాడు మస్తరులో, అంటే హాజరు పట్టీలో, పేరు పడకపోతే కూలి పోతుందన్న భయంతో కట్టు కట్టుకునే పనిలోకి వచ్చింది. నేను వెనక్కి పంపించి హాజరు వేశాను, దాని మీద నాకు మెమో వచ్చింది. ఆ మెమో ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నీ వాళ్ళకి గ్లౌజులు వచ్చాయా, వచ్చినవి సైజు సరిపోయాయా, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారు, ఇవన్నీ నువ్వే అడగాలి. పొద్దున ఐదింటికి మస్తరు పాయింటు దగ్గర నువ్వు ఉండాలి, పేరుతో పిలవాలి. మేస్త్రీతో మర్యాదగా ఉండు గానీ, లెక్క మాత్రం తల తలా నువ్వే చూసుకో.

బండి టైము ఇంకో పెద్ద విషయం. మా దగ్గర ఒక కాలనీలో సగం ఇళ్ళు చెత్త ఇవ్వడం లేదని మీటింగులో తిట్లు తిన్నాను. వెళ్ళి చూస్తే, మునిసిపల్ కొళాయి ఆరున్నర నుంచి ఏడున్నర దాకా వస్తుంది, మా బండి సరిగ్గా ఏడింటికి వెళ్తోంది. బిందెలు వదిలేసి డబ్బా పట్టుకుని ఎవరొస్తారు? ఎనిమిదింటికి మార్చేసరికి ఇళ్ళన్నీ ఇవ్వడం మొదలుపెట్టాయి. నీ వార్డులో ఏ వీధికి నీళ్ళు ఎప్పుడో ఒక కాగితం మీద రాసుకుని, దాన్ని బట్టి బండి దారి గీయి. ఒకసారి టైము పెట్టాక మాత్రం వానొచ్చినా పండగొచ్చినా తప్పకూడదు.

మూల మీద చెత్త పడే చోట్లు ఉంటాయే, ఇప్పుడు వాటిని జీవీపీ (గార్బేజ్ వల్నరబుల్ పాయింట్లు) అంటున్నారు. శుభ్రం చేసి ముగ్గు పెట్టడం మంచిదే, కానీ దాంతో ఆగదు. పది రోజులు తెల్లవారుజామునా, రాత్రి తొమ్మిది తర్వాతా అక్కడ ఒక మనిషిని పెట్టు. పారేసేది చెడ్డవాళ్ళు కాదని తెలుస్తుంది. బండి వేళకి ఇంట్లో లేని వాళ్ళు, రాత్రి షిఫ్టు చేసే కుర్రాళ్ళు, పదిన్నరకి కొట్టు మూసే టిఫిన్ బండివాళ్ళు. వాళ్ళకి ఇంకో వేళ బండి చూపిస్తే ఆ మూల దానంతటదే ఖాళీ అవుతుంది.

కంపోస్టు గురించి ఎక్కువ రాయను, పెరడు, మేడ ఉన్నవాళ్ళకే చెప్పు. చిల్లులు పెట్టిన బకెట్టు, ఒక పొర వంటింటి చెత్త, ఒక పొర ఎండుటాకులు, వారానికోసారి కలియబెట్టడం. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు ఇంకో గుప్పెడు వేయమను. మన ఇళ్ళ చెత్తలో సగానికి పైగా తడిదే కాబట్టి, వీధికి పది ఇళ్ళు చేసినా నీ బండి తేలికపడుతుంది.

జరిమానాలకి తొందరపడకు. వేయాల్సి వస్తే పెద్దవాళ్ళ దగ్గర మొదలుపెట్టు: హోటళ్ళు, కల్యాణ మండపాలు, పెద్ద అపార్టుమెంట్లు. కొత్త నిబంధనల్లో 20,000 చదరపు మీటర్ల విస్తీర్ణం గానీ, రోజుకి 40,000 లీటర్ల నీటి వాడకం గానీ, రోజుకి 100 కిలోల చెత్త గానీ ఉంటే వాళ్ళు భారీ ఉత్పత్తిదారుల కింద లెక్క. వాళ్ళ తడి చెత్త వీలైనంత వరకూ వాళ్ళ ఆవరణలోనే చూసుకోవాలి. ఒక కల్యాణ మండపం ఒక్క రాత్రిలో పారేసే ఆకులూ గ్లాసులూ ఒక వీధి వారం రోజుల చెత్తతో సమానం. మండపాన్ని వదిలి, పాచిపని చేసుకునే మనిషికి వంద రూపాయల చలానా రాస్తే ఊరంతా చూస్తుంది.

'చెత్త పన్ను' మాట నీకు ప్రతి గడపలోనూ ఎదురవుతుంది. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైనప్పుడు బండ్లూ, మూడు రంగుల డబ్బాలూ వచ్చాయి, వాటితో పాటు నెలనెలా రుసుమూ వచ్చింది. వార్డు సిబ్బందే వసూలుకి తిరిగేవారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో దాన్ని తీసేస్తున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించారు. రాజకీయం మనకి వద్దు. వినియోగ రుసుము అన్నది 2016 కేంద్ర నిబంధనల్లోనే ఉంది, అందులో తప్పు పట్టను. బండి రోజూ రాని వీధిలో కూడా డబ్బు అడిగిన చోటే జనానికి మండింది. నీకిప్పుడు ఒక వెసులుబాటు ఉంది. నువ్వు తలుపు కొడితే డబ్బుకి రాలేదని వాళ్ళకి తెలుసు, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తారు. ఆ పది నిమిషాలు వాడుకో.

ఆదివారం సాయంత్రం ఒకసారి బండ్లు నిలిపే చోటికి వెళ్ళి, నీ వార్డుకి ఇచ్చిన ఆటోలకి పార్టిషన్ ఉందో లేదో చూసిరా. లేకపోతే తొట్టి పొడవు, వెడల్పు, లోతు కొలిచి నాకు పంపు. ఇక్కడ మనకి తెలిసిన వెల్డింగ్ షాపు ఉంది, ఎంతవుతుందో రాయించి పంపిస్తాను, ఆ కాగితం జతచేసి సోమవారమే కమిషనర్ గారికి పెడుదువుగాని. కొలతలు అంగుళాల్లో రాయి, వాళ్ళకి అదే అలవాటు.

నీ మావయ్య